పత్తి సూర్యుడు

కోడుమూరు నేతవీధిలో పోట్లాటలకు కొదవ లేదు. ఆరబెట్టిన నూలు మీద పక్కింటి మేక కాలు పెట్టిందని కొట్లాడుకుంటారు. కొళాయి దగ్గర బిందె జరిగిందని కొట్లాడుకుంటారు. కానీ ఆకాశంలో ఎవరి జోలికీ రాకుండా తన పని తాను చేసుకుపోయే సూర్యుడి గురించి ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానుకోవడం ఆ వీధికి కూడా కొత్తే.

ఒకడు తిమ్మమ్మ మరిది లింగన్న. ఇంకొకడు తిమ్మమ్మ సొంత అన్న సుంకప్ప.

లింగన్న పుట్టింది మగ్గం పక్కన, పెరిగింది మగ్గం గుంతలో. చీరకు నిలువు దారాలైన పడుగుకు గంజి పెట్టడానికి ఏ పొద్దు మంచిదో ఆకాశం చూసి చెప్పగలడు. ఆయన సరే అంటేనే వీధిలో పడుగు సాచే గుంజలు పాతేవారు. సుంకప్ప కూడా ఆ వీధిలోనే పుట్టి నేత పనులన్నీ నేర్చాడు గాని, ఇరవై ఏళ్ళప్పుడు ఎర్రగుంట్లకు పోయి సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. ముప్పై రెండేళ్ళు కొలిమి దగ్గర పని. మంట ఎట్లా ఉందో నీలం అద్దంలోంచి చూసి చెప్పడమే ఆయన ఉద్యోగం. దిగిపోయేటప్పుడు ఆ అద్దం ముక్క ఒకటి జేబులో వేసుకుని వచ్చాడు. అప్పటినుంచి రోజూ పొద్దున అరుగు మీద నిలబడి దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తాడు, డ్యూటీ దిగనివాడి మాదిరి. కళ్ళు పోతాయని చెప్పినవాళ్ళకు, "పోయేటివైతే ఎర్రగుంట్లలోనే పోయుండు" అంటాడు.

ఈ గొడవకు నిప్పు ముట్టించింది ఎవరంటే శివలీల. తిమ్మమ్మ మిద్దె మీది గదిలో అద్దెకుంటుంది, హైస్కూల్లో సైన్సు చెబుతుంది. నెల కిందట ఒక ఆదివారం మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతూ, సూర్యుణ్ణి చూడటానికి మనవాళ్ళు పంపిన ఆదిత్య ఉపగ్రహం గురించి వేశారని అరుగు మీదున్న ఆ ఇద్దరికీ చెప్పింది. సూర్యుడి పైముఖం వేడి ఆరువేల డిగ్రీల దాకా ఉంటుందట. దాని మీద పరుచుకున్న వాతావరణం మాత్రం పది లక్షల డిగ్రీలు దాటుతుందట. పొయ్యికంటే పొయ్యి మీది గాలి ఎక్కువ కాగడమేమిటో ఇంకా పూర్తిగా తేలలేదట.

ఆ చివరి మాట ఒక్కటీ ఆ పిల్ల అనకుండా ఉండాల్సింది.

"నేను మొదట్నించి చెప్తాండా" అన్నాడు లింగన్న. "సూర్యుడు సల్లనోడు. వేడంతా గాలిది. పొద్దున ఆయప్ప ముఖానికి ఎదురుగా వచ్చినా కాలదు. మధ్యాన్నం గాలి కాగినాక కాల్తాది. శ్రీశైలం కొండెక్కితే సూర్యునికి దగ్గరైతాం గదా, మరి ఆడ సలెందుకు పెడతాది? ఆ వెలుతురు తెర తీసి సూస్తే లోపల సెట్లు సేమలు ఉన్నా ఉండచ్చు."

సుంకప్ప నవ్వాడు. "సెట్లంట. బావా, సూర్యుడు కాలిన ఇనుపగుండు. పైన పెంకు కట్టి ఉండాది. నేను కొలిమిలో రోజూ సూసిన రంగే అది, తేడా లేదు."

"ఇనుము కాదు తాతా, గ్యాసు" అంది శివలీల. "ఎక్కువ భాగం హైడ్రోజనే."

ఇద్దరూ ఆమె వైపు జాలిగా చూశారు. "గ్యాసా?" అన్నాడు సుంకప్ప. "మా ఇంట్లో సిలిండరు నెలన్నరకే అయిపోతాది. ఆడ ఎవరు మారుస్తాండారమ్మా?"

అది మండటం కాదు, వేరే అని ఆ పిల్ల చెప్పబోయింది. వినేవాళ్ళు లేరు. నవ్వుకుంటూ మిద్దెక్కింది. ఆ ఇద్దరూ మాత్రం ఈరేష్ టీ అంగడిలో నెలరోజులు వాదించుకున్నారు. వీధికి అది బాగానే కాలక్షేపం. అది ముదిరి ముదిరి, సరిగ్గా తిమ్మమ్మ మోచేతుల దాకా గంజిలో ఉన్న సాయంత్రం పగిలింది.

ఆ గంజి సంగతి చెప్పాలి. చైత్ర పున్నమికి జరిగే చౌడమ్మ జాతరలో అమ్మవారికి కట్టే చీర ఆ వీధిలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళు వంతులవారీగా నేస్తారు. పోయిన వంతుకు తిమ్మమ్మ మొగుడు నేశాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఈసారి మగ్గం మీద కూర్చునేది తిమ్మమ్మే. ఆడమనిషి వంతు తీసుకోవడం ఇదే మొదలు. కొందరు గొణిగారు. "సీర కట్టుకునేది ఆడదే గదా, నేస్తే ఏమొచ్చె" అని తిమ్మమ్మ అడిగితే తలలూపి పోయారు. అయితే షరతులు షరతులే. ఉగాది ముందరి అమావాస్య లోపల పడుగు మగ్గమెక్కాలి, లేకుంటే వంతు పక్కింటికి పోతుంది. ఇంకో పద్నాలుగేళ్ళకు గాని తిరిగి రాదు. అప్పటికి తిమ్మమ్మకు డెబ్బై ఆరు. కాళ్ళు మగ్గం తొక్కుడు చెక్కకు అందుతాయో, తానే గోడకు వేసిన పటంలో ఉంటుందో.

ఇంకొక షరతు. ఇప్పుడందరూ గంజి పెట్టిన పడుగు తయారుగా కొని తెచ్చుకుంటున్నారు. చౌడమ్మ చీరకు అది పనికిరాదు. నూలును సాయంత్రం గంజిలో నానబెట్టి, తెల్లవారగానే వీధి పొడవునా సాచి, కుంచెతో దువ్వాలి. ఆ కుంచె పడుగు వెడల్పు ఉంటుంది. దాన్ని చెరొక కొస పట్టుకుని ఇద్దరు ఒకే అడుగున, ఒకే బరువున, ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. దారం దారానికి అంటుకోకుండా ఆరేదాకా నడుస్తూనే ఉండాలి. ఒకరు ముందు పోయినా, ఒకరు గట్టిగా నొక్కినా దారాలు పుటుక్కుమంటాయి. ఆ నడక తెలిసినవాళ్ళు వీధి మొత్తానికి ఇద్దరే మిగిలారు. ఎవరో చెప్పాల్సిన పని లేదు.

"తిమ్మక్కా, ఇంగ నీ పని అయిపోయినట్టే" అంటూ వచ్చింది ఎదురింటి గంగక్క. చెడ్డ కబురు మోయడమంటే ఆమెకు ప్రాణం. "టీ అంగడికాడ మీయన్న, మీ మరిదిని 'గుంతలో కూసున్నోనికి ఆకాశం ఏం తెలుస్తాది' అన్న్యాడు. మీ మరిది, 'ముప్పై రెండేండ్లు పొగ మింగినోని తలకాయలో బూడిద తప్ప ఏముంటాది' అన్న్యాడు. ఆ మాటకు మీయన్న గ్లాసు కింద పెట్టి, సూర్యుడు సల్లనోడన్న నోరు మూసుకునేదాకా వాని పక్కన కుంచె పట్టనని చౌడమ్మ మీద ఒట్టేసినాడు. ఆయప్ప ఊరుకుంటాడా? ఇనుమన్నోని చెయ్యి తగిలిన కుంచె తానూ పట్టనన్న్యాడు."

తిమ్మమ్మ చేతులు గంజిలోనే ఆగిపోయాయి. నూలు నానిపోయింది. రేపు ఉదయం దువ్వకపోతే గంజి పులుస్తుంది, వేల దారాలూ కలిసి ఒక మోకు అవుతాయి. అమావాస్య ఎల్లుండి.

"ఒట్టు ఎవరి మీద ఏసినారు?" అంది.

"చౌడమ్మ మీదనే."

"ఆయమ్మ సీర ఆపడానికి ఆయమ్మ మీదే ఒట్టా. బాగుండాది."

చేతులు కడుక్కుని, బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చింది. ఓళిగ నోట్లో ఉన్న మగవాడు కొంచెం మెత్తబడతాడని ఆమె అనుభవం. మొదట మరిది ఇంటికి పోయింది. మెట్టినింటి మర్యాద కదా.

"లింగన్నా, రాత్రి పగలు ఆలోచన చేసినా. నువ్వన్నదే నాకు సరిపోయినట్టుండాది. సూర్యుడు సల్లనోడే."

లింగన్న ముఖం వెలిగింది. "సూసినావా వదినా. నీకున్న తెలివి మీయన్నకు లేదు." రెండో ఓళిగ తీసుకున్నాడు. "ఆ మాట రేపొద్దున వానికి సెప్పు. వాడు ఒప్పుకుంటే కుంచె పడతా."

అక్కడినుంచి అన్న ఇంటికి పోయింది. పుట్టింటి ప్రేమ కదా. "అన్నా, నువ్వు కొలిమి కండ్లారా సూసినోనివి. సూర్యుడు ఇనుమే."

సుంకప్ప ఓళిగ మడిచి నోట్లో పెట్టుకున్నాడు. "తిమ్మీ, నీకు మన నాయన తెలివి వచ్చింది. రేపు వాడు తప్పు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

ఈ ఉపాయం గంట సేపు కూడా నిలవలేదు. తాగే నీళ్ళ ప్లాంటు దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడ్డ ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా, పక్కవాళ్ళతో గట్టిగా మాట్లాడుకున్నారు. "మా వదిన నా పక్క" అన్నాడు ఒకాయన గోడకు. "మా సెల్లెలు నా పక్క" అన్నాడు ఇంకొకాయన క్యానుకు. సంగతి బయటపడ్డాక ఇద్దరూ తిమ్మమ్మ మీద కూడా అలిగారు. వాళ్ళిద్దరూ ఒక విషయంలోనైనా కలిశారని గంగక్క ఓదార్చింది.

మరుసటి ఉదయం తొలి వెలుగుకే గుంజలు పాతి, పడుగు సాచారు. తడి పడుగు వీధి పొడవునా తెల్లగా, వాగు పారినట్టు పరుచుకుంది. అమ్మవారి పని కనుక రాకుండా ఉండలేక ఇద్దరూ వచ్చారు. లింగన్న తూర్పు గుంజ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సుంకప్ప పడమటి అరుగు మీద కూర్చుని జేబులోని నీలం అద్దం తుడుచుకుంటున్నాడు. మధ్యలో కుంచె పడి ఉంది.

"నేను సిద్ధమే" అన్నాడు లింగన్న ఆకాశంతో. "పక్కన మనిషి మారితే."

"నాదీ అదే మాట" అన్నాడు సుంకప్ప అద్దంతో.

నీళ్ళ ట్యాంకు వెనక నుంచి సూర్యుడు పైకి వచ్చాడు. చల్లనివాడో, ఇనుపవాడో, రావడం మాత్రం ఆలస్యం చెయ్యలేదు. పడుగు అంచున దారాలు అప్పుడే జంటలు కట్టడం మొదలుపెట్టాయి.

తిమ్మమ్మ కొంగు బిగించి కుంచె ఒక కొస పట్టుకుంది. "గంగక్కా, ఆ కొస పట్టు."

"నాకేం తెలుసు తల్లీ?"

"నాకు మాత్రం తెలుసా? పట్టు."

ఇద్దరూ నడిచారు. గంగక్క ముందుకు పోయింది, తిమ్మమ్మ వెనక పడింది, కుంచె అడ్డదిడ్డంగా తిరిగింది. నాలుగు బారలు పోయేసరికి మూడు దారాలు తెగాయి. దారం తెగిన ప్రతిసారీ తూర్పున లింగన్న పళ్ళు కొరికాడు, పడమట సుంకప్ప కళ్ళు మూసుకున్నాడు. తమ ఒంటి చర్మం గీరుకుపోయినట్టే ఉంది వాళ్ళకు. అయినా ఎవరూ కదల్లేదు.

అప్పుడు తిమ్మమ్మకు ఒళ్ళు మండింది. ఈ ఇద్దరూ నెలరోజులుగా వాదించుకుంటున్నది కోపంతో కాదు, వాదం ఇష్టమై. గట్టిగా తిట్టుకోవడానికి సరైన మూర్ఖుడు దొరక్క ఒకరినొకరు పట్టుకున్నారు. ఆ మూర్ఖుడెవరో దొరికితే?

ఆమె కుంచె ఆపి వీధికంతా వినబడేలా అంది. "మీ ఇద్దరికీ ఏం తెలీదు. సూర్యుడు పత్తి."

గంగక్క నోరు తెరుచుకుంది.

"ఏమి?" అన్నాడు లింగన్న.

"పత్తి. లోపల నల్లని గింజ, సుట్టూ దూది. సూర్యుని మీద నల్లమచ్చలు ఉంటాయని మన టీచరమ్మ సెప్పలే? దూది పక్కకు జరిగిన కాడ గింజ కనపడతాది, అంతే."

"తిమ్మీ, నీకు మతి పోయిందా?" సుంకప్ప అరుగు దిగాడు. "పత్తికి నిప్పంటుకుంటే ఎంతసేపుంటాది? గడియలో బూడిద."

"సిన్న పత్తికాయైతే గడియలో. అంత పెద్దదానికి ఎన్ని లక్షల ఏండ్లు పడతాదో నువ్వు లెక్కేసినావా?"

"వదినా, అది కాదు" లింగన్న తూర్పు నుంచి నడిచి వచ్చాడు. "పత్తి గాలికి ఎగిరిపోతాది. సూర్యుడు ఎప్పుడన్నా ఎగిరిపోయినాడా?"

"రోజూ తూర్పునుంచి పడమరకు ఎగిరిపోతానే ఉన్న్యాడు గదప్పా. నువ్వు సూడలేదా?"

ఆ మాట అంటూ ఆమె కుంచెను కావాలనే ఒక పక్కకు వంచింది. దారం ఇంకొకటి తెగింది. ఇంక చూడలేక లింగన్న ఆమె చేతిలోంచి కొస లాక్కున్నాడు. "ఇటివ్వు తల్లీ, పడుగును సంపుతాండావు. సూర్యుడు పత్తి అంట, పత్తి." అదే సమయానికి సుంకప్ప గంగక్కను పక్కకు నెట్టి రెండో కొస అందుకున్నాడు. "నలభై ఏండ్లు నేతగాని ఇంట్లో ఉండి నేర్చుకున్నది ఇదా? కనీసం మీ మరిది సల్లదనమన్నా ఒక మాటలా ఉండాది, ఇదేంది?"

"మీయన్న ఇనుము కూడా దీనికంటే నయం వదినా" అన్నాడు లింగన్న, కుంచె మీద బరువు సరిచూసుకుంటూ.

రెండు జతల కాళ్ళు ఒకే అడుగున కదిలాయి. కుంచె పడుగు మీద జారింది. జంట కట్టిన దారాలు విడివడి వేటికవి నిలబడ్డాయి. తిమ్మమ్మ పడుగు పక్కనే, వాళ్ళతో సమానంగా నడుస్తూ, ముఖంలో మొండితనం చెదరనివ్వలేదు. ఇది మొదటి నడక. ఆరేలోపల ఇరవై నడకలు కావాలి. ఇరవై నడకల మూర్ఖత్వం ఆమె దగ్గర సిద్ధంగా లేదు. ఎప్పటికప్పుడు పుట్టించుకోవాలి.

ఆరో నడకకు పొద్దున సూర్యుడు ఎర్రగా ఎందుకుంటాడని లింగన్న అడిగాడు. పత్తి ఎరుపు కాదు కదా అని.

"రంగులో ముంచి తీస్తారు. తడి మీద రంగు ముదురు, ఆరితే తెలుపు. మధ్యాన్నానికి ఆరిపోతాడు. సాయంత్రం మళ్ళా ముంచుతారు."

"ఎవరు ముంచేది?"

"చౌడమ్మ."

ఎదురుగా ఆయమ్మ చీరే సాచి ఉంది. దానికి ఎదురు చెప్పడానికి ఇద్దరికీ ధైర్యం చాలక, పళ్ళు నూరుకుంటూ ఇంకా రెండు నడకలు నడిచారు.

తొమ్మిదో నడక చివర గుంజ దగ్గర తిరుగుతూ సుంకప్ప ఆగిపోయాడు. తన చేతి వైపు చూసుకున్నాడు. తర్వాత అవతలి కొస పట్టుకున్న చేతి వైపు చూశాడు. లింగన్న కూడా చూశాడు. ఒట్లు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి. కుంచె పడుగు మీద ఆగిపోయింది. ఆగిన చోట గంజి గడ్డ కడుతుంది.

తిమ్మమ్మ దగ్గరున్న దూది, గింజ, రంగు అన్నీ అయిపోయాయి. సరిగ్గా అప్పుడే మిద్దె మెట్లు దిగి వచ్చింది శివలీల, చేతిలో టిఫిన్ డబ్బా.

"అమ్మయ్యా, టీచరమ్మ వచ్చింది" అన్నాడు సుంకప్ప. "సెప్పమ్మా, మా సెల్లెలు సూర్యుడు పత్తి అంటాండాది. నువ్వన్నా బుద్ధి సెప్పు."

శివలీల నవ్వు ఆపుకుంటూ తిమ్మమ్మ వైపు చూసింది. తిమ్మమ్మ కళ్ళతో బతిమాలింది. ఏమని బతిమాలుతోందో ఆ పిల్లకు తెలియలేదు గాని, ఆ కళ్ళు చూస్తే ఏదో ఒకటి అడగాలనిపించింది. "పెద్దమ్మా, పత్తే అయితే, లోపలికంటే పైన గాలి ఎక్కువ వేడెందుకుంటుంది మరి?"

తిమ్మమ్మ ఆలోచించలేదు. చిన్నప్పుడు ఆదోనిలో, మేనమామ పనిచేసిన పత్తిమిల్లులో చూసింది నోట్లోంచి వచ్చేసింది. "బిగించిన పత్తి బేలుకు నిప్పు పెడితే పొగలు పోతా నిదానంగా రగులుకుంటాదమ్మా. గాల్లో ఎగిరే దూది పింజకు ఒక్క రవ్వ తగిలితే సాలు, బుస్సుమని మిల్లంతా అంటుకుంటాది. గట్టిదానికంటే పల్సనిదే పెద్దగా మండేది. పైగాలి పల్సన గదా."

శివలీల టిఫిన్ డబ్బా మెట్టు మీద పెట్టింది. "పత్తి కాదులే పెద్దమ్మా" అంది. "అక్కడ మండటమే లేదు. కానీ అంత పలచటి దానికి అంత వేడి ఎట్లా వస్తుందనేదే పెద్దపెద్దవాళ్ళు కూడా అడుగుతున్నారు. ప్రశ్న మాత్రం సరైన చోటే పట్టుకున్నావు."

ఒట్లు మరిచిపోవడానికి ఆ మాట చాలు. నెలరోజులు వాదించినా టీచరమ్మ ఆ ఇద్దరిలో ఎవరినీ ఒక్క మాట మెచ్చుకోలేదు.

"ఇదన్యాయం" అన్నాడు లింగన్న, కుంచె కదిలిస్తూ. "బావా, ఈమె పత్తికి మెప్పంట, విన్న్యావా?"

"వింటాండా బావా. నడువు. ఈ పత్తి సంగతి ఈ పూటే తేల్చాల." సుంకప్ప అడుగు కలిపాడు. నెల తర్వాత మొదటిసారి ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారని వీధంతా విన్నది, వాళ్ళు తప్ప. మిగిలిన నడకలన్నీ వాళ్ళు తమలో తామే మాట్లాడుకున్నారు. తిమ్మమ్మను ఎట్లా ఓడించాలా అని. ఆమె వాళ్ళ వెంట నడవడం మానేసి గుంజకు ఆనుకుని నిలబడింది.

ఇరవై ఒకటో నడకకు లింగన్న అరచేతి వెనకభాగం పడుగు మీద ఆనించి చూశాడు. "ఆరింది" అన్నాడు.

పడుగు చుట్టి లోపలికి తెచ్చాక తిమ్మమ్మ చేసిన మొదటి పని ఒక చెంబు నీళ్ళు తాగడం. తెగిన దారాలు ముడివేసి, మగ్గానికి ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. అమావాస్యకు ఇంకా ఒక పూట మిగిలి ఉంది. ఇక ఆ ఇద్దరూ ఎప్పుడొస్తే అప్పుడు ఓడిపోదామని ఆమె అనుకుంది. పత్తి కాదని ఒప్పుకుంటే వాళ్ళకు తృప్తి, తనకు పోయేదేమీ లేదు.

వచ్చారు. గడపలో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. లింగన్న మీసం ఒక పక్క సగం లేదు. ఉన్న సగం కొసన వంకర తిరిగి, కాలిన కోడి ఈక వాసన వేస్తోంది. సుంకప్ప కనుబొమ్మలు కూడా తేడాగా ఉన్నాయి.

"ఏమైంది?" అంది తిమ్మమ్మ.

"ఏం కాలేదు. పరీక్ష సేసినాం" అన్నాడు సుంకప్ప గంభీరంగా. "ఒక గిన్నెలో పత్తిని గట్టిగా కూరినాం. ఇంకో గిన్నెలో ఏకిన దూది పల్సగా ఏసినాం. రెండింటికీ ఒకేసారి అగ్గిపుల్ల గీసినాం. అంతా సూసుకున్నాం. సూర్యుడు పత్తి కాదు. మా ఇద్దరిదీ ఒకే మాట."

తిమ్మమ్మ ఓడిపోదామనే నోరు తెరిచింది. కానీ ఆ మీసం వైపు చూసింది. తను చెప్పినట్టే పలచ దూది గిన్నె బుస్సుమందని అది చెబుతూనే ఉంది. ఒప్పుకోవాలన్న మాట పక్కన పెట్టింది.

"లోపలికి రాండి, కూసోండి" అంది, పేక నూలు చుట్టిన నాడె చేతిలోకి తీసుకుంటూ. "ముందు ఇది సెప్పండి. లింగన్న మీసం ఏ గిన్నెకు అంటుకున్న్యాది?"

బావలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అది వేరే మాట" అన్నాడు లింగన్న.

తిమ్మమ్మ తొక్కుడు చెక్క మీద కాలు వేసి, చౌడమ్మ చీరకు మొదటి పోగు వేసింది.